మరగబెట్టి చెడగొట్టిన టీ

మా నాన్నకి నందిగామ బస్టాండు దగ్గర టీ కొట్టు ఉండేది. 31 ఏళ్లు నడిపాడు. డస్ట్ టీ పొడి, చిక్కటి పాలు, దంచిన అల్లం, మూడు పొంగులు. ఆయన లెక్కలో టీ అంటే అదే, మిగతావన్నీ రంగునీళ్లు. అలాంటి మనిషి చేతికి ఈ మే నెలలో నేను చైనా నుంచి తెచ్చిన గ్రీన్ టీ డబ్బా ఇచ్చి "పెట్టు నాన్నా" అన్నాను. తప్పు ఆయనది కాదని ముందే చెప్పేస్తున్నా.

ఆయన మూడు చెంచాలు గిన్నెలో వేశాడు. పాలు పోశాడు. పంచదార వేశాడు. ఎంత మరిగినా రంగు దిగకపోయేసరికి ఇంకో రెండు చెంచాలు వేశాడు. పది నిమిషాల తర్వాత వడగట్టి, ఒక గుక్క తాగి, గ్లాసు గట్టు మీద పెట్టేసి, "ఒరే, కరివేపాకు పాలల్లో ఉడకబెట్టినట్టుందిరా. ఎంతకి కొన్నావు దీన్ని?" అన్నాడు.

కొనలేదు. ఒకరిచ్చారు. ఎవరిచ్చారో, అదెలా తయారైందో చెబితే ఆ గిన్నె తలుచుకున్నప్పుడల్లా నాకు ఎందుకు సిగ్గేస్తుందో మీకే తెలుస్తుంది.

ఏప్రిల్‌లో ఆఫీసు పని మీద మూడు వారాలు సుజౌలో ఉన్నాను. షాంఘై నుంచి స్పీడు రైలెక్కితే అరగంట ప్రయాణం. పాత కాలువలు, రాళ్ల తోటలు ఒక పక్క, మన హైటెక్ సిటీని తలదన్నే గాజు భవనాలు ఇంకో పక్క. మా టీమ్‌లో ఒకబ్బాయి అక్కడివాడే. రెండేళ్లుగా ఇద్దరం ఒకే మాడ్యూల్ మీద పనిచేస్తున్నాం గానీ, అప్పటిదాకా వీడియో కాల్లో భుజాల పైభాగమే చూసుకున్నాం. రెండో ఆదివారం "మా ఊరు వస్తావా, ఇది టీ సీజను" అన్నాడు. కార్లో గంటకు పైనే పట్టింది.

వాళ్లది తాయ్‌హు అనే పెద్ద సరస్సు ఒడ్డున ఉండే దోంగ్‌థింగ్ తూర్పు కొండ. సరస్సులోకి చొచ్చుకుపోయిన నేల అది. ఎదురుగా పడమటి కొండ, అదొక ద్వీపం. ఈ రెండు కొండల మీద పండే టీయే 'బిలువోచున్'. చైనాలో పేరున్న గ్రీన్ టీల జాబితా ఎవరు చెప్పినా ఇది లేకుండా ఉండదు. 'బి' అంటే పచ్చ, 'లువో' అంటే నత్త, 'చున్' అంటే వసంతం. ఎండిన ఆకు చిన్న నత్త గుల్లలా మెలిక తిరిగి ఉంటుంది కాబట్టి ఆ పేరు. అంతకుముందు దాన్ని అక్కడి జనం 'శియా షా రెన్ శియాంగ్' అనేవాళ్లట. మన భాషలో చెప్పాలంటే 'భయంతో ప్రాణం పోయేంత సువాసన'. ఆకు కోసేవాళ్ల బుట్టలు నిండిపోయి, మిగిలింది రవికెల్లో దోపుకుంటే, ఒంటి వేడికి గుప్పున వాసన లేచి ఉలిక్కిపడ్డారని కథ. కాంగ్షీ చక్రవర్తి 1699లో దక్షిణాది యాత్రకి వచ్చినప్పుడు, ఇంత మంచి టీకి ఆ మోటు పేరేంటని మార్చాడని చెబుతారు. నాకైతే పాత పేరే నచ్చింది. రాజుగారు పెట్టింది మర్యాదగా ఉంది, జనం పెట్టిందాంట్లో ప్రాణం ఉంది.

తోట చూసి మొదట నిరాశపడ్డాను. మున్నార్ ఫొటోల్లోలా కొండంతా పరుచుకున్న పచ్చ తివాచీ ఊహించుకుని వెళ్లాను. అక్కడ మొత్తం పండ్ల చెట్లు. లొకాట్, నారింజ, పీచ్, యాంగ్‌మెయ్ అనే ఎర్రటి పుల్లటి పండు. వాటి కింద, నీడలో, మనిషి నడుము దాకా టీ పొదలు. పండ్ల చెట్ల పూలవాసన, వేళ్ల సారం టీ ఆకులోకి దిగుతాయని మా వాడు గర్వంగా చెప్పాడు. వేళ్ల సంగతి నేను నమ్మలేదు, ఆ మాట వాడితో అనలేదు. కానీ నీడ సంగతి నిజం. నీడలో పెరిగిన టీ ఆకులో థియనిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ నిలుస్తుంది. నాలుక మీద తీపిలాంటి కమ్మదనం దాని వల్లే. ఎండ ఎక్కువైతే చేదు, వగరు పెరుగుతాయి. అంటే చెట్లు టీకి మేలు చేస్తున్న మాట నిజమే, వాడు చెప్పిన దారిలో కాదంతే.

ఆకు కోసేది మార్చి మూడో వారం నుంచి ఏప్రిల్ 20 దాకా. ఏప్రిల్ 4, 5 తేదీల్లో వచ్చే ఛింగ్‌మింగ్ పండగకు ముందు కోసినదానికి ధర మండిపోతుంది. మేం వెళ్లేసరికి ఆ పండగ అయిపోయింది, రేట్లు కాస్త దిగాయట. కోసేది ఒక మొగ్గ, దానికి అంటుకుని అప్పుడే విచ్చుకుంటున్న ఒక్క ఆకు. అంతే. అరకిలో ఎండు టీకి ఇలాంటివి 60 వేల నుంచి 70 వేలు కావాలి. తెల్లవారుజామున కోసుకొస్తారు. ఆ పైన ఇంట్లో ఆడవాళ్లంతా బల్ల చుట్టూ కూర్చుని, మనవాళ్లు బియ్యంలో రాళ్లు ఏరినట్టు, ఒక్కొక్క మొగ్గని చూసి పెద్ద ఆకులూ కాడలూ తీసేస్తారు. నేనూ కూర్చున్నాను. అరగంటలో నా ముందున్న కుప్ప పిడికెడు కూడా కాలేదు. వాళ్ల నానమ్మ నా కుప్పని మళ్లీ ఏరింది. కోడ్ రివ్యూలో కూడా నా పనిని అంత నిర్దాక్షిణ్యంగా ఎవరూ చూడలేదు.

సాయంత్రం వాళ్ల నాన్న బాణలి ముందుకొచ్చాడు. కోసిన ఆకు ఆ రోజే వేయించాలి, రాత్రి నిలవ ఉంచకూడదు. గోడలోకి కట్టిన ఇనప బాణలి, కింద కట్టెల మంట. మంట సంగతి వాళ్లమ్మ చూస్తుంది. ఆయన తల తిప్పకుండా ఒక మాట అంటే ఆవిడ ఒక కట్టె తోస్తుంది, ఇంకో మాటంటే లాగుతుంది. వాయకి అరకిలో పచ్చి ఆకు. బాణలి 190, 200 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆయన ఉత్త చేతుల్తో ఆకుని ఎగరేసి తిప్పుతున్నాడు. దీన్ని వాళ్లు 'షాచింగ్' అంటారు, పచ్చదనాన్ని చంపడం అని అర్థం. తెగిన ఆకులో ఉండే ఎంజైము గాలి తగిలితే ఆకుని ఎర్రబరుస్తుంది. మన డస్ట్ టీ అలా ఎర్రబడనిచ్చిన ఆకే. ఇక్కడ ఆ ఎంజైముని మొదటి నాలుగైదు నిమిషాల వేడితో చంపేస్తారు. అందుకే ఇది గ్రీన్ టీ అయింది. రెండూ ఒకే మొక్క.

తర్వాత మంట తగ్గించి, బాణలి గోడకి ఆకుని అదిమి ఒకే వైపు తిప్పుతూ నలుపుతాడు. పన్నెండు పదిహేను నిమిషాలు. ఆ పైన అసలు పని. గోరువెచ్చని బాణలిలోంచి గుప్పెడు తీసుకుని, రెండు అరచేతుల మధ్య సున్నుండ చుట్టినట్టు చుట్టడం, బాణలిలోకి విదిలించడం, మళ్లీ తీసుకుని చుట్టడం. సున్నుండ అయితే చుట్టి పళ్లెంలో పెట్టేస్తాం. ఇక్కడ చుట్టింది విడదీయడానికే. అలా చుట్టగా చుట్టగా ఆకు మెలిక తిరిగి నత్త ఆకారానికి వస్తుంది, మొగ్గ మీది తెల్లని నూగు పైకి లేస్తుంది. చివర్లో సన్న సెగ మీద ఆరబెట్టడం. మొత్తం నలభై నిమిషాలు. అంతసేపూ చేయి ఆకుని వదల్లేదు, ఆకు బాణలిని వదల్లేదు. అరకిలో పచ్చి ఆకు చివరికి వంద గ్రాముల పైచిలుకు అయింది. చైనా సంప్రదాయ టీ తయారీ విద్యలకి 2022లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చోటిచ్చింది, అందులో ఇదీ ఉంది. ఆ సంగతి ఆయనకు చెబితే మా వాడు అనువదించాడు. ఆయన నవ్వి, భుజం తడుముకుంటూ ఏదో అన్నాడు. దాన్ని మా వాడు అనువదించలేదు.

ఆ వాయ టీనే డబ్బాలో పోసి నాకిచ్చారు. సరిగ్గా 100 గ్రాములు. అంటే 12 వేలకు పైగా మొగ్గలు, ఒక మనిషి రెండు చేతులు, నలభై నిమిషాలు. మొగమాటానికి ధర అడిగాను, చెప్పలేదు. తర్వాత సుజౌ దుకాణంలో అలాంటి డబ్బా రేటు చూసి నోరు మూసుకున్నాను. వాళ్లింట్లో నాకూ ఒక గ్లాసు ఇచ్చారు. మాటల్లో పడి తాగేశాను. ఎలా కలిపారో చూడలేదు. మాన్యువల్ చదవకుండా ఇన్‌స్టాల్ కొట్టే అలవాటు మన వృత్తిలో అందరికీ ఉన్నదే.

ఇక నా ఘనకార్యాల లెక్క. హైదరాబాద్ వచ్చి డబ్బా తీస్తే ఆకు మీద తెల్లగా నూగు. అమ్మ చూసి బూజు పట్టిందంది. నాకూ అనుమానమొచ్చింది. పైపై 25 గ్రాములు తీసి పారేశాం. (ఆ నూగే మంచి బిలువోచున్‌కి గుర్తు, లేత మొగ్గకే అది ఉంటుంది.) నాన్న పాలల్లో పోయింది 20. ఆఫీసు ప్యాంట్రీలో కెటిల్ నీళ్లు సలసలా మరుగుతుండగానే పోసి, అరగంట వదిలేసి, మీటింగ్ అయ్యాక పదిమందికీ పంచింది 15. ఒకమ్మాయి మర్యాదకి "హెల్దీగా ఉంది" అంది. గ్రీన్ టీ గురించి మన దగ్గర వినిపించే ఏకైక పొగడ్త అదే. బరువు తగ్గాలన్న వాళ్లు ముక్కు మూసుకుని తాగే మందు అయిపోయింది పాపం.

మిగిలింది 40 గ్రాములు. దాన్ని వంటింటి పై అరలో పెట్టి మర్చిపోయాను.

జులైలో ఒక రోజు కాల్ అయిపోయాక మా సుజౌ వాడు కాసేపు మాట్లాడాడు. వాళ్ల నాన్నకి భుజం ఆపరేషన్ అయిందట. ఇక బాణలి ముందుకి వెళ్లొద్దని డాక్టర్ చెప్పేశాడట. వచ్చే వసంతం నుంచి పచ్చి ఆకునే ఊళ్లో వేరేవాళ్లకి అమ్ముతారు. "నువ్వు నేర్చుకోలేదా?" అని అడిగాను. "రెండుసార్లు ప్రయత్నించా, రెండు వాయలూ మాడ్చేశా. మా నాన్న మూడోది ఇవ్వలేదు" అని నవ్వాడు. తర్వాత, "నీకిచ్చిన టీ ఎలా ఉంది? నాన్న అడుగుతున్నాడు" అన్నాడు.

"సూపర్‌గా ఉంది" అన్నాను. ప్రొడక్షన్ సర్వర్ పడిపోయినా ఇంత పచ్చి అబద్ధం ఆడలేదు నేను.

ఆ రాత్రి డబ్బా దించి, వాడికే మెసేజ్ పెట్టాను. అసలు సంగతి చెప్పకుండా, "మీ ఇంట్లో ఎలా కలుపుతారో ఒకసారి రాయి" అని. వాడు రాసింది, నేను ఆరు గ్లాసులు పాడుచేసీ బాగుచేసీ నేర్చుకున్నది కలిపి చెబుతున్నా. ఎవరైనా మీకూ ఇలాంటి డబ్బా తెచ్చిస్తే పనికొస్తుంది.

అన్నిటికంటే ముఖ్యం నీళ్ల వేడి. ఆకులోని కమ్మదనం తక్కువ వేడికే నీళ్లలోకి వచ్చేస్తుంది. చేదుకి, వగరుకి కారణమైన కాటెకిన్లు బాగా దిగాలంటే వేడి ఎక్కువుండాలి. సలసల మరిగే నీళ్లు పోస్తే వగరు ముందుకొచ్చి కమ్మదనాన్ని మింగేస్తుంది, ఆకు కూడా ఉడికి పసుపు తిరుగుతుంది. 75, 80 డిగ్రీలు సరి. నేనొకసారి మరీ జాగ్రత్తపడి 60 దగ్గర పోస్తే చప్పగా, తడిసిన గడ్డి వాసన వచ్చింది. థర్మామీటరు లేకపోతే మనకొక పాత విద్య ఉంది. నీళ్లు బాగా మరగనిచ్చి దించేసి, పిల్లలకి పాలు చల్లార్చినట్టు రెండు స్టీలు గ్లాసుల్లో తిరగబోయండి. మా ఇంట్లో మూడుసార్లు తిరగబోస్తే నా థర్మామీటరు 80 దగ్గరికి వస్తోంది. మీ గ్లాసు, మీ గది వేడి వేరు, ఒకసారి చూసుకోండి. ఇంకో మాట, బోరు నీళ్లు వద్దు. ఉప్పదనం, సున్నం ఉన్న నీళ్లలో ఈ టీ వాసన చచ్చిపోతుంది. క్యాన్ నీళ్లు నయం.

రెండోది వరస. మనం ఎప్పుడూ పొడి వేసి నీళ్లు పోస్తాం, లేదా నీళ్లలో పొడి వేసి మరిగిస్తాం. ఇక్కడ పొడవాటి గాజు గ్లాసులో ముందు నీళ్లు, ముప్పావు వంతు దాకా. ఆ తర్వాత పైనుంచి ఆకు. పొయ్యి మీద కాదు, బల్ల మీద. 200 మిల్లీలీటర్ల గ్లాసుకి 3 గ్రాములు. లేత మొగ్గ కాబట్టి పైనుంచి నీళ్ల ధార పడితే నలిగిపోతుంది, నూగంతా రాలి నీళ్లు మురికిగా కనిపిస్తాయి. అదొక్కటే కాదు, అన్ని టీ ఆకులూ ఇలా మునగవు. చాలా గ్రీన్ టీలు పైన వేస్తే తేలుతూ కూర్చుంటాయి. ఇది గట్టిగా చుట్టిన ఆకు, బరువుగా ఉంటుంది. వేసిన కొన్ని క్షణాలకే మెల్లగా కిందికి దిగడం మొదలుపెడుతుంది.

ఈ దృశ్యం మాత్రం మీరు ఫోన్ పక్కనపెట్టి చూడాలి. నూగు తెల్లగా వెనకాల తోకలా సాగుతూ ఒక్కొక్క నత్తా అడుగుకి దిగుతుంది. నిమిషంలో మెలిక విప్పుకోవడం మొదలవుతుంది. రెండు నిమిషాలకి గ్లాసు అడుగున మొగ్గా, దాని పక్కన ఆకూ విడివిడిగా, అప్పుడే కోసినట్టు నిలబడతాయి. నానమ్మ ఎందుకు అంత పట్టింపుగా ఏరిందో అప్పుడు అర్థమైంది. ఇందులో ఏదీ దాగదు. ఒక్క ముదురాకు ఉన్నా గ్లాసులో కనబడిపోతుంది. మన గుడ్డ ఫిల్టర్లో ఏముందో ఎవరు చూడొచ్చారు?

మూత పెట్టొద్దు, ఆకు ఉడుకుతుంది. రెండు మూడు నిమిషాలాగి తాగడమే. పంచదార, నిమ్మకాయ, తేనె ఏమీ వద్దు. మూడో వంతు మిగలగానే మళ్లీ నీళ్లు పోసుకోవాలి, ఈసారి కాస్త వేడి ఎక్కువైనా పర్లేదు. మూడోసారి దాకా రుచి ఉంటుంది. నాకు రెండోదే ఇష్టం. మొదటిదాంట్లో వాసన, రెండోదాంట్లో రుచి.

అయిదో గ్లాసుకి నాకు కుదిరింది. ఆరోది కూడా అలాగే వచ్చాకే నమ్మకం కలిగి, ఆగస్టులో అమ్మానాన్న వచ్చినప్పుడు మళ్లీ కలిపాను. నాన్న కొట్టు మూసి రెండేళ్లయింది, అయినా వంటింట్లో ఇంకొకరు పొయ్యి ముట్టిస్తే ఆయనకి కుదురు ఉండదు. వెనకే నిలబడ్డాడు. నేను థర్మామీటరు వెతుకుతుంటే, తిరగబోస్తున్న నీళ్ల చప్పుడు విని, "ఇంకోసారి పొయ్యి, ఇంకా వేడిగానే ఉన్నాయి" అన్నాడు. కొలిస్తే 84. వేడినీళ్ల చప్పుడు, చల్లనీళ్ల చప్పుడు వేరుగా ఉంటాయని తర్వాత చదివాను. ఆయన చదవలేదు.

గ్లాసు చేతికిస్తే ముందు వాసన చూశాడు. ఒక గుక్క తాగాడు. ఏమీ అనలేదు. నాలుగు గుక్కలయ్యాక, "లేత మొక్కజొన్న కండెలు ఉడకబెట్టిన నీళ్లలాగుంది" అన్నాడు. ఆగి, "మింగినాక తియ్యగుందిరా" అన్నాడు. ఇది కరివేపాకు పాలు అన్న టీయే అని చెబితే నమ్మలేదు. డబ్బా చూపించాను. నలభై నిమిషాల వాయ గురించి, 200 డిగ్రీల బాణలి గురించి చెప్పాను. ఫోన్లో తీసిన వీడియో చూపిస్తే మూడుసార్లు చూశాడు. ఆకుని కాదు, ఆయన చేతుల్ని.

"ఎన్నేళ్లుంటాయి ఆయనకి?"

"అరవై ఎనిమిదంట."

"చెయ్యి కాలడం ఒక లెక్క కాదు, మొద్దుబారిపోద్ది. భుజమే పోయేది" అన్నాడు. నేనప్పటికి ఆపరేషన్ సంగతి చెప్పలేదు.

చెప్పాను. గ్లాసులో మూడో వంతు మిగిలి ఉంది. "నీళ్లు పొయ్యి" అన్నాడు. అమ్మ కూడా ఒక గ్లాసు తాగింది. ఆవిడకి నచ్చలేదు, బూజు అనుమానం ఇంకా పోయినట్టు లేదు.

ఇప్పుడు నా డబ్బాలో 16 గ్రాములుంది. దాచుకుందామంటే ఈ టీ దాచుకునేది కాదు. పాత వైన్ సంగతి వేరు, గ్రీన్ టీకి వయసు మీద పడితే వాసన పోయి ఎండుగడ్డే మిగులుతుంది. వెలుతురు, తేమ, వేడి, వంటింటి వాసనలు, అన్నీ శత్రువులే. ఇంగువ డబ్బా పక్కన పెట్టి నేను చేసింది చిన్న తప్పు కాదు. పూర్వం వాళ్ల ఊళ్లో టీని కాగితం పొట్లాలు కట్టి, కాల్చిన సున్నపురాయి సంచుల మధ్య జాడీలో పెట్టేవాళ్లట, తేమని సున్నం లాగేసేది. ఇప్పుడు గాలి చొరబడని డబ్బాలో ఫ్రిజ్. తీసిన వెంటనే మూత తెరవకుండా గది వేడికి రానివ్వాలి, లేకపోతే చెమ్మ పడుతుంది.

మళ్లీ కొనుక్కోవచ్చు కదా అంటారేమో. కొనొచ్చు, చూసుకుని కొనాలి. యునాన్, సిచువాన్ లాంటి చోట్ల కూడా ఇదే చుట్టుడు పద్ధతిలో చేసి బిలువోచున్ పేరుతోనే అమ్ముతారు. అక్కడ వెచ్చదనం ఎక్కువ కాబట్టి ఆకు ముందే వస్తుంది, మొగ్గ లావుగా ఉంటుంది, ధర తక్కువ. చెడ్డ టీ ఏం కాదు, నేర్చుకోవడానికి అదే మంచిది. ఆ మాట నాకు మే నెలలో ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

పోయిన వారం మా వాడికి నిజం చెప్పేశాను. పారేసిన 25, పాలల్లో 20, ప్యాంట్రీలో 15, అన్నీ. చాలాసేపు టైప్ చేస్తున్నట్టు కనిపించింది. చివరికి వచ్చింది రెండే ముక్కలు. పాల సంగతి వాళ్ల నాన్నకి చెబితే ఆయన కుట్లు నొప్పెట్టేలా నవ్వాడని ఒకటి. ఇంకా 16 గ్రాములు ఎందుకు మిగిల్చావు, ఎండాకాలంలోనే అవ్వగొట్టాల్సింది కదా అని తిట్టమన్నాడని రెండోది.

మిగిలింది అయిదు గ్లాసులకి సరిపోతుంది, ఒక గ్రాము ఎక్కువ. నిన్న నాన్న ఫోన్ చేసి దసరాకి వస్తున్నామన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు, "ఆ నత్త టీ ఉందా, అంతా తాగేశావా?" అని అడిగాడు. ఉందన్నాను. "కొట్టు పక్కన పూలమ్మే మస్తానుని కూడా తీసుకొస్తా. ఈసారి నీళ్లు నేను పోస్తా" అన్నాడు.